షుగర్ మాత్రలు వేసుకుంటూ డీటాక్స్ చెయ్యొచ్చా? కార్తీక సోమవారాల సంగతేంటి?

ప్రశ్న

డాక్టరుగారూ, నమస్తే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 46 ఏళ్లు, బరువు 74 కిలోలు. షుగర్ వచ్చి ఆరేళ్లు కావస్తోంది. పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల, రాత్రి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటాను. మా తోటికోడలు ఒంట్లో విషాలు తీస్తామనే డీటాక్స్ క్యాంపుకి వెళ్లి పది రోజుల్లో ఆరు కిలోలు తగ్గి వచ్చింది. ముఖం కళకళలాడుతోంది. తను తెచ్చిన కాగితం చూసి నేనూ ఇంట్లోనే మొదలుపెట్టాను. పొద్దున నిమ్మరసం తేనె, తరవాత ఆనపకాయ రసం, బూడిద గుమ్మడికాయ రసం, రోజుకి నాలుగు కొబ్బరి బొండాలు. అన్నం లేదు, ఉప్పు లేదు, రోజూ మూడుసార్లు తాగే టీ కూడా మానేశాను. కాగితంలో మాత్రల గురించి ఏమీ లేదు కాబట్టి అవి మామూలుగానే వేసుకున్నాను. మొదటి రోజు సాయంత్రం నుంచి తలనొప్పి. రెండో రోజు పదకొండు గంటలప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు చీకట్లు కమ్మాయి. ఫోన్ చేస్తే క్యాంపువాళ్లు "విషాలు బయటికి పోతున్నాయి, ఓర్చుకోండి" అన్నారు. భయమేసి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే పది నిమిషాల్లో సర్దుకుంది. మూడో రోజుతో ఆపేశాను. మూడు కిలోలు తగ్గాను గానీ వారం తిరక్కుండానే మళ్లీ వచ్చేశాయి. మా అత్తగారు నలభై ఏళ్లుగా ఏకాదశులు, కార్తీక సోమవారాలు ఉంటున్నారు, "నాకేమీ కాలేదే" అంటారు. మావారు ఉపవాసం మాటెత్తితేనే కోప్పడుతున్నారు. ఈసారి కార్తీకంలో పదకొండు రోజులు పట్టుదలగా చేద్దామనుకుంటున్నాను. చెయ్యొచ్చా? కనీసం సోమవారాలు ఉండొచ్చా? రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి, అవి కూడా విషాలేనా?

సమాధానం

చెల్లెమ్మా,

అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తరవాత. పదకొండు రోజుల డీటాక్స్ చెయ్యకండి. కార్తీక సోమవారాలు ఉండొచ్చు, కాకపోతే కటిక ఉపవాసం వద్దు. నక్తమో (పగలు ఉపవాసం, రాత్రి భోజనం), ఏకభుక్తమో (మధ్యాహ్నం ఒక్క పూట భోజనం) ఉండండి. అదీ మీ డాక్టరుతో మాట్లాడి మాత్రల వేళలు సరిచేయించుకున్న తరవాతే. అరికాళ్ల మంట విషం కాదు. మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు గానీ అది చిన్న విషయం కాదు, దాని గురించి చివర్లో చెప్తాను.

రెండో రోజు పదకొండు గంటలకి జరిగింది ముందు మాట్లాడుకోవాలి. చెమటలు, వణుకు, కళ్లు చీకట్లు కమ్మడం, ఇవన్నీ రక్తంలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే లక్షణాలు. 70 కంటే కిందికి దిగితే వైద్యులం దాన్ని ప్రమాదంగానే లెక్కవేస్తాం. ఆ పూట మీరు మీటర్‌తో చూసుకోలేదు, అయినా నాకు అనుమానం లేదు. ఎందుకంటే సాక్ష్యం మీరే రాశారు: బెల్లం ముక్క వేసుకోగానే పది నిమిషాల్లో సర్దుకుంది. విషాలు పోతూ వచ్చిన బాధే అయితే బెల్లానికి తగ్గదు. ఆ ఫోన్లో మాట నమ్మి ఓర్చుకుని పడుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు భయంగా ఉంది. షుగర్ ఇంకా దిగితే మాట తడబడుతుంది, తికమక పడతారు, ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు. ఆ సమయానికి ఇంట్లో ఎవరూ లేకపోతే?

మీరు వేసుకునే గ్లిమిపిరైడ్ పని ఏమిటంటే, క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయించడం. మీరు తిన్నారా లేదా అన్నది అది చూడదు. వేసవిలో కాలవలు కట్టేశాక కూడా చేలో మురుగు తూము తెరిచి వదిలేస్తే ఉన్న కాస్త తడీ పోయినట్టు, తిండి లేని రోజున ఆ మాత్ర ఉన్న షుగర్‌ని కూడా దించేస్తుంది. దాని ప్రభావం ఒక రోజంతా ఉంటుంది. తేనె నీళ్లు, బొండాలు కాస్త షుగర్ ఇస్తాయి నిజమే, కానీ గంట రెండు గంటల్లో అయిపోతుంది. మీరు రాసిన పదకొండు గంటలు సరిగ్గా అదే సమయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి ఇలా పడిపోవడం అరుదు. అందుకే "మా పక్కింటావిడా షుగర్ మనిషే, ఆవిడకేం కాలేదు" అన్న మాట మీకు పనికిరాదు. ఏ మాత్ర అన్నదే ముఖ్యం.

ఇక మొదటి రోజు తలనొప్పి. రోజూ మూడు టీలు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లోపు తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజుకి ముదురుతుంది. కెఫీన్ అలవాటు చేసే పని అది. డీటాక్స్ పెట్టిన ప్రతిచోటా తలనొప్పి రావడానికి, దాన్ని విషాలకి అంటగట్టడానికి ఇదే పెద్ద కారణం. డీటాక్స్‌లో కొందరికి వచ్చే నోటి వాసన కూడా అంతే. తిండి లేనప్పుడు ఒళ్లు కొవ్వు కరిగించుకుంటుంది, అప్పుడు కీటోన్లు అనే పదార్థాలు పుడతాయి, వాటిలో అసిటోన్ ఊపిరిలోంచి బయటికి వస్తుంది. కొందరికి లేచి నిలబడితే తల తిరగడం ఉప్పు మానేసి బీపీ మాత్ర వేసుకోవడం వల్ల. చూశారా, ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. అన్నిటికీ కలిపి "విషం" అని ఒకే పేరు పెడితే ఏ ఒక్కదానికీ మందు దొరకదు.

ఎవరైనా డీటాక్స్ అంటే నేను రెండే అడుగుతాను. ఏ విషం? ముందు ఎంత ఉంది, తరవాత ఎంత తగ్గింది? ఇంతవరకూ నాకు పేరు చెప్పినవాళ్లు లేరు. వైద్యంలో విషం తీయడం అనేది నిజంగానే ఉంది. చేలో మందు కొడుతూ పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లకి అట్రోపిన్ ఇస్తాం. కిడ్నీలు పాడైనవాళ్లకి డయాలసిస్ చేస్తాం. అక్కడ విషానికి పేరుంది, కొలత ఉంది. మామూలు మనిషిలో ఆ పని కాలేయం, మూత్రపిండాలు రాత్రీ పగలూ చేస్తూనే ఉంటాయి. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అవసరమైనదంతా వెనక్కి తీసుకుని, లీటరున్నర బయటికి పంపుతాయి. వాటికి ఆనపకాయ రసం సాయం అక్కర్లేదు. పేగుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మురికి ఉంటుందన్నదీ నిజం కాదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంది.

మన ప్రాంతంలో ఈ భయం ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. కాలవ నీళ్లు చెరువుల పాలవడం, వరికీ కూరగాయలకీ మందులు కొట్టడం మనం కళ్లారా చూస్తున్నాం. "ఒళ్లంతా మందులే" అని ఎవరైనా అంటే కొట్టిపారెయ్యను. అయితే దానికి చెయ్యాల్సింది నీళ్ల దగ్గర, కూరగాయల దగ్గర చెయ్యాలి: మంచి నీళ్లు, బాగా కడిగిన కూర. పైగా కొన్ని రకాల పురుగుమందుల అవశేషాలు కొవ్వులో దాక్కుని ఉంటాయి. బరువు వేగంగా తగ్గినప్పుడు అవి రక్తంలోకి వస్తాయి. అంటే విషం పోగొట్టుకుందామని చేసే పనే కొన్నాళ్లపాటు దాన్ని రక్తంలో పెంచుతుంది.

మూడు కిలోల సంగతి చెప్తే మీకు కాస్త బాధగా ఉంటుంది గానీ తెలుసుకోవడం మంచిది. మీలాంటి మనిషి రోజుకి సుమారు 1800 కేలరీలు ఖర్చు చేస్తారనుకుందాం. కిలో కొవ్వులో 7700 కేలరీలు ఉంటాయి. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోయినా రోజుకి పావుకిలో కొవ్వు కూడా కరగదు. మూడు రోజులకి ముప్పావు కిలో లోపే. మిగతా రెండు కిలోల పైచిలుకు ఏమిటి? కాలేయంలో, కండరాల్లో అరకిలో దాకా పిండిపదార్థం నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల నీరు అంటుకుని ఉంటుంది. అది ఖర్చవగానే ఆ నీరంతా పోతుంది. ఉప్పు మానేస్తే ఇంకొంత పోతుంది. అన్నం, ఉప్పు మొదలుపెట్టగానే నీరు తిరిగొస్తుంది. మీ పట్టుదలలో లోపం లేదు, తగ్గింది నీరు కాబట్టే అంత త్వరగా తిరిగొచ్చింది.

మీ తోటికోడలి ముఖంలో కళ అబద్ధమని నేననను. పది రోజులు ఎవరో వండి పెట్టారు, తను పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. పొద్దున్నే నడిపించారు, తొమ్మిదింటికి పడుకోబెట్టారు, నూనె పిండివంటలు లేవు, చేతిలో ఫోన్ లేదు. ఆ విశ్రాంతి మన ఆడవాళ్లలో ఎంతమందికి దొరుకుతుంది? నాకైతే క్యాంపుల్లో అన్నిటికంటే బాగా పనిచేసేది అదేననిపిస్తుంది. తనకి షుగర్, బీపీ మాత్రలు లేకపోతే ఆ పది రోజులు గడిచిపోయి ఉంటాయి. ఆమెతో పోటీ పడకండి, ఆమెని తప్పుపట్టకండి. ఒక్క మాట మాత్రం చెప్పండి: వారానికి కిలోన్నర కంటే వేగంగా బరువు తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. కుడి డొక్కలో నొప్పి, భోజనం తరవాత వాంతులు ఉంటే స్కాన్ చేయించుకోమనండి. ఆ రాళ్లు పడిపోతాయంటూ ఆలివ్ నూనె, నిమ్మరసం తాగించే చిట్కా కూడా ఫోన్లలో తిరుగుతోంది. మర్నాడు విరేచనంలో పచ్చగా పడేవి రాళ్లు కావు. తాగిన నూనె, రసం కడుపులో కలిసి సబ్బులా గడ్డకట్టినవి. 2005లో లాన్సెట్ పత్రికలో వైద్యులు వాటిని పరీక్షించి మరీ రాశారు.

మీరు తాగిన వాటిలో రెండింటి గురించి గట్టిగా చెప్పాలి.

మొదటిది ఆనపకాయ రసం. ఒక్కోసారి ఆనపకాయ చేదెక్కుతుంది. ఆ చేదులో కుకర్బిటసిన్లు అనే విషపదార్థాలుంటాయి. కూరలో అయితే ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోయి పారబోస్తాం. డీటాక్స్ చేసేవాళ్లు మాత్రం "చేదు ఒంటికి మంచిది" అని గ్లాసెడు గటగటా తాగేస్తారు. రక్తపు వాంతులు, విరేచనాలు, బీపీ పడిపోవడం జరిగి మన దేశంలో మనుషులు చనిపోయారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల బృందం ఆ కేసులను పరిశీలించి 2012లో నివేదిక ప్రచురించింది. పచ్చి రసం తాగకండి. కూర వండినా ముందు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యండి. తాగాక కడుపులో తిప్పితే ఇంటి వైద్యం చూసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది బొండాలు. కోనసీమలో పుట్టి కొబ్బరి నీళ్లని తప్పుపట్టడమేమిటని అనుకోకండి. రోజుకొక బొండం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చక్కగా పనికొస్తుంది. కానీ ఒక్కో బొండంలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. నాలుగు తాగితే దాదాపు రెండున్నర గ్రాములు. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపి ఉంచే మాత్ర. మూత్రపిండాలు బాగుంటే సర్దుకుంటాయి. షుగర్ ఆరేళ్లుగా ఉన్న మనిషికి అవి బాగున్నాయో లేదో పరీక్ష చేస్తేగానీ తెలియదు. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ నొప్పీ చెప్పదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకునేదాకా రోజుకి ఒక్కటి దాటకండి.

ఇంత చెప్పాను కదా అని ఉపవాసానికి నేను వ్యతిరేకిని అనుకోకండి. నేనూ కార్తీక సోమవారాలు ఉంటాను. తెల్లారకముందే స్నానం, అరటి దొప్పలో దీపం కాలవలో వదలడం, తరవాత ఓపీ. పదకొండింటికి కడుపులో ఒక కెరటం లేస్తుంది, ఒంటిగంట దాటాక అదే చల్లబడిపోతుంది. మధ్యాహ్నం కాస్త పాలు, నీళ్లు. ఆ పూట మాట తగ్గుతుంది, విసుగూ తగ్గుతుంది. దీపం పెట్టి, చుక్క చూసి, మొదటి ముద్ద పప్పన్నం నోట్లో పెట్టుకున్నప్పుడు అన్నం రుచి తెలుస్తుంది. మా అమ్మ ఈ అలవాటు నేర్పింది, ప్రాణం ఉన్నంతవరకూ మానను. అయితే నాకు షుగర్ లేదు, నేను ఏ మాత్రలూ వేసుకోను. మీ అత్తగారు నలభై ఏళ్లుగా ఉంటున్నారంటే అది ఆవిడ ఒంటికి సరిపోయింది. మీరు మాత్ర వేసుకుని ఉపవాసం ఉండటం వేరు. ఆవిడకి ఈ తేడా ఒక్కటి చెప్తే చాలు, అర్థం చేసుకుంటారు.

కార్తీక సోమవార వ్రతాన్ని ఆరు రకాలుగా చెయ్యొచ్చని మన ఇళ్లలో చదువుకునే కార్తీక పురాణంలోనే ఉంది: ఉపవాసం, ఏకభుక్తం, నక్తం, అయాచితం (అడక్కుండా ఎవరైనా పెడితేనే తినడం), స్నానం, తిలదానం. శక్తి ఉన్నవాళ్లకి ఉపవాసం, లేనివాళ్లకి స్నానం, దానం కూడా వ్రతమే. వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని పెద్దలు చెప్పే శ్లోకంలో నీళ్లు, దుంపలు, పళ్లు, పాలతో పాటు మందు కూడా ఉంది. అంటే మాత్ర మింగినందుకో, షుగర్ పడిపోతుంటే పంచదార నీళ్లు తాగినందుకో వ్రతం చెడదు. రోజా ఉండే ముస్లిం సోదరీమణులకీ ఇదే చెప్తుంటాను, జబ్బు మనిషికి ఖురాన్ మినహాయింపు ఇచ్చింది. శ్రమ దినాల్లో ఒంటిపూట ఉండే క్రైస్తవులకీ మాత్రల లెక్క మారదు.

మీకు నా సలహా నక్తం కంటే ఏకభుక్తం. మధ్యాహ్నం ఒక మంచి భోజనం చేసి, రాత్రి పాలు, పండుతో సరిపెట్టుకోండి. పగలంతా ఖాళీ కడుపు మీ మాత్రకి పడదు. నక్తమే ఉండాలని మనసు పడితే కార్తీకానికి రెండు మూడు వారాల ముందే మీ డాక్టరుని కలవండి. పొద్దుటి గ్లిమిపిరైడ్ ఆ రోజు మానాలా, తగ్గించి రాత్రి భోజనానికి మార్చాలా అన్నది ఆయనే చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు, మీ అంతట మీరూ మార్చకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మాత్రలు మొదలుపెడితే ఉపవాసం సంగతి తప్పకుండా చెప్పండి. వాటితో తిండి మానేస్తే షుగర్ మామూలుగా కనబడుతూనే రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. ఆయాసం, వాంతులు, కడుపునొప్పి వస్తే అదేనని అనుమానించాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉపవాసం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆ రోజు ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి. పొద్దున, పదకొండింటికి, మూడింటికి, దీపానికి ముందు, భోజనం చేసిన రెండు గంటలకి చూసి పుస్తకంలో రాయండి. 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపెయ్యాలి. తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట ఆగి మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి, తరవాత ఏదైనా తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యమని మీవారికి, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. మీవారి కోపంలో భయం ఉంది. ఆ పుస్తకం, మీటరు ఆయన చేతికే ఇచ్చి చూడండి, కోపం సగం దిగుతుంది.

కార్తీకంలో పంచారామాలకి వెళ్లే బస్సు ఎక్కుతారేమో. ఒక్క రోజులో అమరావతి నుంచి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట తిరిగి రావడం ఆరోగ్యవంతులకే అలసట. దారిలో బాత్రూముల ఇబ్బంది వల్ల మన ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. బీపీ మాత్ర వేసుకునేవాళ్లకి అది కిడ్నీల మీద దెబ్బ. ఆ రోజు ఉపవాసం పెట్టుకోకండి, దర్శనం చాలు. సోమవారం ఖాళీ కడుపుతో స్కూటీ మీద గుడికి వెళ్లడం కూడా వద్దు.

మంగళవారాల సంగతి చెప్పాలి. కార్తీకమాసంలో మంగళవారం నా దగ్గరికి వచ్చే షుగర్ పేషెంట్లలో పడిపోయినవాళ్ల కంటే పెరిగిపోయినవాళ్లే ఎక్కువ. పగలంతా ఏమీ తినరు. రాత్రి దీపం పెట్టాక పులిహోర, బూరెలు, గారెలు, పరమాన్నం. ఇంకొందరు "అన్నం ముట్టలేదండీ, ఫలహారమే" అంటారు. ఆ ఫలహారం ఉప్పుడుపిండి. వరి నూకే కదా అది! సగ్గుబియ్యం, అటుకులు, చలిమిడి కూడా షుగర్ మీటరు దగ్గర అన్నంతో సమానమే. మీరు ఉపవాసం విడిచేటప్పుడు ముందు మజ్జిగ, ఆపై కూర, పప్పు ఎక్కువగా, అన్నం రోజూ తినేంతలో సగం పెట్టుకోండి. ప్రసాదం చెంచాడు చాలు.

ఇంకో సంగతి, ఇది మీకు ఆశ కలిగించేది. తక్కువ తిండితో షుగర్ వెనక్కి వెళ్లడం నిజంగా జరుగుతుంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకి సుమారు 850 కేలరీల, పోషకాలన్నీ ఉన్న ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి షుగర్ మాత్రలు లేకుండానే అదుపులో ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, మొదటి రోజే షుగర్, బీపీ మాత్రలు ఆపించారు, నర్సులు, డైటీషియన్లు వెంట ఉన్నారు, తరవాత మామూలు తిండికి నెమ్మదిగా తెచ్చారు. మీరు చేసినదానిలో ఆకలి మాత్రమే దానితో కలిసింది, జాగ్రత్త ఏదీ లేదు. మీకు ఆరేళ్లలోపే కాబట్టి ఈ దారి గురించి మీ డాక్టరుని నిజంగానే అడగండి.

పదహారు గంటలు ఖాళీగా ఉండి ఎనిమిది గంటల్లో తినే పద్ధతి గురించీ మీకు వీడియోలు వచ్చే ఉంటాయి. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చిందని అందులో చెప్తారు. వచ్చింది నిజమే, కణాలు తమలోని పాత భాగాలను తామే కరిగించుకునే విధానాన్ని ఆయన ఈస్ట్‌లో కనిపెట్టారు. మనిషి ఎన్ని గంటలు పస్తుండాలో ఆయన చెప్పలేదు. చైనాలో ఊబకాయం ఉన్న 139 మంది మీద ఏడాదిపాటు చూసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, కేలరీలు తగ్గించి ఎనిమిది గంటల్లో తిన్నవాళ్లకీ, అన్నే కేలరీలు వేళ నియమం లేకుండా తిన్నవాళ్లకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి గంటల కంటే కంచంలో ఎంత ఉందన్నదే చూసుకోండి.

మన కంచంలో ఉన్న చిక్కు అన్నమే, మీకు తెలియనిది కాదు. పాలిష్ పట్టిన తెల్లన్నం కంచం నిండా, అంచున కూర. దాన్ని తిరగెయ్యండి. అన్నం మూడో వంతు తగ్గించి ఆ చోటులో తోటకూర పప్పో, పనసపొట్టు కూరో, ఆనపకాయ కూరో, చేపల పులుసులో ముక్కలో పెట్టుకోండి. రసం తాగితే పోయే పీచు కూరలో ఉంటుంది. పెసరట్టు తినండి, అందులో ఉప్మా వద్దు. రాత్రి భోజనం ఏడున్నరకి ముగిస్తే పొద్దున టిఫిన్ దాకా పన్నెండు గంటలు దానంతటదే ఉపవాసం. సాయంత్రం కాలవ గట్టు మీద అరగంట నడక. నెలకి కిలో, కిలోన్నర తగ్గితే చాలు. 74 నుంచి 69కి వస్తేనే షుగర్‌లో మార్పు కనబడుతుంది, అప్పుడు మాత్రలు తగ్గించమని మీరే అడగొచ్చు.

ఇక అరికాళ్ల మంట. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే ఇలా మొదలవుతుంది, రాత్రిళ్లే ఎక్కువగా ఉంటుంది. దానితోపాటు ఇంకో కారణం ఉండొచ్చు: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గుతుంది, దానికీ ఇవే మంటలు. రక్తపరీక్షలో తెలిసిపోతుంది, తగ్గి ఉంటే ఇంజక్షన్లో, మాత్రలో ఇస్తారు. అరికాలికి సన్నని నైలాన్ దారం ఆనించి స్పర్శ చూసే పరీక్ష కూడా చెయ్యమనండి. ఈలోగా వేడినీళ్లలో కాళ్లు పెట్టకండి, మంట ఉన్నా వేడి సరిగ్గా తెలియక కాలిపోతుంది. ఎండెక్కాక గుడి రాళ్ల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణలు చెయ్యకండి, తెల్లవారుజామునే చేసుకోండి. రాత్రి పడుకునేముందు అరికాళ్లు, వేళ్ల మధ్య చూసుకోండి, కనబడకపోతే అద్దం పెట్టి చూడండి. చిన్న పుండు ఉన్నా మర్నాడే చూపించాలి. క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల సగటు షుగర్, బీ12, ఈ నాలుగూ ఒకే రక్తంతో అయిపోతాయి. కార్తీకం దాకా ఆగకుండా ఈ వారమే ఇప్పించుకోండి.